సరిహద్దు దాటిన పెళ్ళి



మాస్టారు యానాంలో పుట్టి, ఉద్యోగం కోసం ఈ పుదుచ్చేరికి వచ్చి, ఇక్కడి తెలుగు పిల్లలకు జీవితమంతా చదువు చెప్పినవారు. ఆయన జ్ఞాపకార్థం మాట్లాడమన్నప్పుడు సాహిత్యం గురించి చెబుతానని నిర్వాహకులు అనుకున్నారు. నేను పెళ్ళి గురించి, అందులోనూ మన చట్టం పెళ్ళిగా ఒప్పుకోని పెళ్ళి గురించి మాట్లాడతానన్నాను. కాదనకుండా ఒప్పుకున్నారు. అందుకు వారికి నా కృతజ్ఞతలు. ఈ విషయానికి ఈ ఊరికి మించిన వేదిక లేదని నేను నమ్ముతున్నాను. ఎందుకో యానాం నుంచే మొదలుపెట్టి చెబుతాను.

1929లో బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది. మన పెద్దలు దాన్ని శారదా చట్టం అనేవారు. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే శిక్ష. అయితే గౌతమి ఒడ్డున ఉన్న యానాం ఫ్రెంచి వారిది. చుట్టూ ఉన్న గోదావరి ఊళ్ళన్నీ ఒక చట్టం కింద ఉంటే, మధ్యలో ఈ చిన్న ఊరు ఇంకో చట్టం కింద ఉంది. గోదావరి జిల్లాల నుంచి కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వచ్చేవి. అక్కడ తాళి కట్టించి, తలంబ్రాలు పోయించి, తిరిగి తమ ఊరు వెళ్ళిపోయేవి. అలా ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయంటే యానానికి కల్యాణపురం అన్న పేరు స్థిరపడింది.

ఇంటికి తిరిగి వెళ్ళాక ఆ పెళ్ళి పెళ్ళే. శారదా చట్టం కూడా పెళ్ళి చేసినవాళ్ళకు శిక్ష వేసిందే గాని, జరిగిన పెళ్ళి చెల్లదని అనలేదు. పొలిమేర దాటగానే భార్య భార్య కాకుండా పోలేదు. పుట్టిన పిల్లలకు ఆస్తిహక్కు పోలేదు.

బాల్యవివాహాన్ని నేను సమర్థించడం లేదు. అది ఆడపిల్లల బతుకుల్ని నలిపేసిన దురాచారం. సరిగ్గా అందుకే ఈ ఉదాహరణ నన్ను వదలదు. ఏమీ తెలియని పిల్లని, ఆమె ఇష్టం అడక్కుండా, చట్టం తప్పించుకోవడానికి ఊరు దాటించి చేసిన పెళ్ళిని చట్టమూ సమాజమూ కలిసి నిలబెట్టాయి. ఈనాడు బుద్ధి తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరినొకరు కోరుకుని, తాము వెళ్ళిన దేశపు చట్టం ప్రకారం బహిరంగంగా చేసుకున్న పెళ్ళి మాత్రం, విమానం మన నేల మీద దిగగానే లేకుండా పోతోంది. ఆ ఇద్దరూ మగవాళ్ళే కావడం, లేదా ఇద్దరూ ఆడవాళ్ళే కావడం ఒక్కటే కారణం. ఇది అన్యాయం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఒకచోట చెల్లిన పెళ్ళి అన్నిచోట్లా చెల్లాలన్నది ప్రపంచంలో చాలా దేశాల న్యాయస్థానాలు పాటిస్తూ వచ్చిన పాత సూత్రం. దానివల్ల లాభపడిన వాళ్ళలో మన తెలుగువాళ్ళు ముందువరసలో ఉన్నారు. మన మేనరికాలనే చూడండి. మేనత్త కొడుకుని, మేనమామ కూతుర్ని చేసుకోవడం మనకు మామూలు. మేనమామనే చేసుకున్న ఇళ్ళు ఈ సభలోనూ ఉంటాయి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిని హిందూ వివాహ చట్టం నిషేధిస్తూనే, ఇరువైపులా ఆచారం ఉంటే సరేనని మినహాయింపు ఇచ్చింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం తోబుట్టువుల బిడ్డల మధ్య పెళ్ళి చేయనివ్వదు. అయినా వేరేచోట చట్టబద్ధంగా జరిగి వస్తే ఒప్పుకుంటుంది. మేనరికం చేసుకుని ఉద్యోగానికి ఒహాయో వెళ్ళిన తెలుగు దంపతుల్ని మీరు మొగుడూపెళ్ళాలు కారని ఆ రాష్ట్రం అనలేదు.

అదే ఒహాయో రాష్ట్రం సిన్సినాటి నగరవాసులు జిమ్ ఓబర్గఫెల్, జాన్ ఆర్థర్‌లను మాత్రం ఆ మాట అంది. ఇద్దరూ ఎన్నో ఏళ్ళుగా కలిసి బతుకుతున్నవాళ్ళు. జాన్‌కు నరాలు, కండరాలు చచ్చుబడిపోయే ఎ.ఎల్.ఎస్. జబ్బు చేసింది. మంచం దిగలేని స్థితి. ఒహాయో పెళ్ళి చేయదు కాబట్టి, 2013 జూలై 11న రోగుల్ని తరలించే చిన్న విమానంలో మేరీలాండ్ వెళ్ళారు. విమానాశ్రయంలో ఆగిన ఆ విమానంలోనే జాన్ దగ్గరి బంధువు ఒకామె పెళ్ళి జరిపించింది. తిరిగి ఇంటికి వచ్చారు. రేపు జాన్ చనిపోతే మరణధ్రువీకరణ పత్రంలో అవివాహితుడని రాస్తారని, భర్తగా జిమ్ పేరు ఉండదని తెలిసింది. కోర్టుకు వెళ్ళారు. ఫెడరల్ జడ్జి తిమోతీ బ్లాక్ వెంటనే వారి పక్షాన ఉత్తర్వు ఇచ్చాడు. వేరేచోట చెల్లిన మేనరికాల్ని ఒప్పుకునే రాష్ట్రం దీన్ని ఎందుకు ఒప్పుకోదని ఆయన అడిగిన ప్రశ్న తెలుగువాళ్ళం మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆ అక్టోబరు 22న జాన్ పోయాడు. అప్పీళ్ళు నడిచాయి. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు ఉండగా, అన్ని రాష్ట్రాలూ ఈ పెళ్ళిళ్ళు చేయాలనీ, వేరే రాష్ట్రంలో జరిగినవాటిని ఒప్పుకోవాలనీ తీర్పిచ్చింది. ఒక చనిపోతున్న మనిషి తన కాగితంలో భర్త పేరు ఉండాలనుకున్నాడు. అంత చిన్న కోరిక నుంచి అంత పెద్ద తీర్పు వచ్చింది.

ఇక మన ఊరికి వద్దాం.

ఫ్రెంచి ప్రభుత్వం 1819లోనే తన సివిల్ కోడ్‌ను ఇక్కడ ప్రవేశపెట్టింది. అయితే స్థానికుల పెళ్ళి, వారసత్వం వారివారి ఆచారాల ప్రకారమే నడవనిచ్చింది. 1873లో పొన్నుతంబి పిళ్ళై అనే లాయరు బూట్లు వేసుకుని కోర్టులోకి వచ్చాడని జడ్జి ఆయనకు శిక్ష వేశాడు. ఆయన పారిస్ దాకా వెళ్ళి గెలిచాడు. సమానత్వం కోసం ఆ పోరు సాగుతుండగానే 1881 సెప్టెంబరు 21న ఒక డిక్రీ వచ్చింది. ఇష్టమైనవాళ్ళు తమ కుల, మత చట్టాన్ని వదులుకుంటున్నామని సంతకం పెట్టి ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చు. అలా వచ్చినవాళ్ళను రెనోన్సాంట్లు అన్నారు. ఫ్రెంచి ఇంటిపేర్లు పెట్టుకున్నారు. పొన్నుతంబి లాపోర్త్ అయ్యాడు. ఆ సంతకం వాళ్ళ పిల్లలకూ మనవలకూ వర్తించింది.

1954 నవంబరు 1న ఇక్కడి పరిపాలన భారతదేశానికి వచ్చింది. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చింది. మరుసటి ఏడు హిందూ వివాహ చట్టాన్ని ఇక్కడికి విస్తరించినప్పుడు, అది రెనోన్సాంట్లకు వర్తించదని అందులోనే రాశారు. ఇవాళ్టికీ భారత పౌరులైన రెనోన్సాంట్లకు పెళ్ళి విషయంలో ఫ్రెంచి సివిల్ కోడే చట్టం. అయితే అది 1962 నాటికి ఎలా ఉందో అలాగే నిలిచిపోయిన కోడ్. ఆ తరువాత పారిస్‌లో చేసిన సవరణలేవీ ఇక్కడికి రావు. ఈ చిక్కుల గురించి మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన డేవిడ్ అన్నుసామి విస్తారంగా రాశారు. ఆసక్తి ఉన్నవాళ్ళు తప్పక చదవాలి.

1962లో ఇక్కడివాళ్ళకు ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే అవకాశం ఇచ్చారు. కోరుకున్నవాళ్ళ సంతానం వేలల్లో ఈ ఊళ్ళోనే ఉంది. ఒకే ఇంటిపేరు, ఒకే వీధి, ఒకే చర్చి. అన్న కొడుకు ఫ్రెంచి పౌరుడు, తమ్ముడి కొడుకు భారత పౌరుడు. 2013 మే 17న ఫ్రాన్స్ స్వలింగ వివాహాన్ని చట్టం చేసింది. అన్న కొడుకు తాను ప్రేమించిన మగవాడిని పెళ్ళాడాలనుకుంటే, ఉంటున్న దేశం ఒప్పుకోకపోయినా, అక్కడి కాన్సులేట్ పెళ్ళి జరపలేకపోయినా, ఫ్రాన్స్‌లో తాను పుట్టిన ఊరిలోనో, చివరగా ఉన్న ఊరిలోనో, తల్లిదండ్రులు ఉంటున్న ఊరిలోనో మేయరు ముందు చేసుకోవచ్చని ఆ చట్టం దారి చూపించింది. అవతలి మనిషి భారతీయుడైనా అడ్డు లేదు. తమ్ముడి కొడుక్కి ఆ దారి లేదు. అతడి కోడ్ 1962 దగ్గర ఆగిపోయింది.

ఇందులో నన్ను మరీ బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఫ్రాన్స్ విప్లవకాలంలో, 1791లోనే, వయసొచ్చిన మగవాళ్ళు పరస్పర ఇష్టంతో కలవడాన్ని నేరాల జాబితా నుంచి తీసేసింది. నెపోలియన్ కాలపు శిక్షాస్మృతిలోనూ అది లేదు. పుదుచ్చేరిలో, యానాంలో అమలైన శిక్షాస్మృతి అదే. అవతల గోదావరి జిల్లాలో 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ దాన్ని నేరం చేస్తూ 377వ సెక్షను పెట్టింది. బ్రిటిష్ వారు తెచ్చిన ఆ సెక్షను మన ఊళ్ళకు స్వతంత్ర భారతదేశంతో కలిశాకే వచ్చింది. విలీనం కోసం పోరాడినవాళ్ళు కోరుకున్నది అది కాదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఆ నేరాన్ని తుడిచేసేదాకా అది మన మీద ఉంది.

అన్న కొడుకు ఫ్రాన్స్‌లో భారతీయుణ్ణి పెళ్ళాడి పుదుచ్చేరి తిరిగి వచ్చాడనుకుందాం. దుమాస్ వీధి దగ్గర ఒక ఇల్లు తీసుకున్నారు. అదే ఊళ్ళో ఉన్న ఫ్రెంచి కాన్సులేట్ రికార్డుల్లో వాళ్ళు దంపతులు. ఇంటి బయట ఉన్న మన ప్రభుత్వానికి ఒక ఇంట్లో ఉంటున్న ఇద్దరు మగవాళ్ళు. ఒకరు పోతే రెండోవాడికి వీలునామా ఉంటేనే ఆస్తి, లేకపోతే ఏమీ లేదు. పోయినవాడి చెల్లెలో, పినతండ్రి కొడుకో వచ్చి ఇల్లు ఖాళీ చేయమంటే చట్టం వాళ్ళ పక్షాన ఉంటుంది.

దీనికి మన చట్టాల్లో దారి లేదా అంటే, రాసినంతవరకు దారి కనిపిస్తుంది. 1969 నాటి విదేశీ వివాహ చట్టం ప్రకారం, విదేశంలో అక్కడి చట్టం కింద జరిగిన పెళ్ళిని, ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే, నమోదు చేసుకోవచ్చు. ఇతర దేశాల పెళ్ళిళ్ళను ఇక్కడ చెల్లుబాటుగా ప్రకటించే అధికారం కేంద్రానికి ఆ చట్టమే ఇచ్చింది. పౌరసత్వ చట్టంలో ఓసీఐ, అంటే విదేశీ భారత పౌరసత్వ కార్డుకు భారతీయుల జీవిత భాగస్వామి దరఖాస్తు చేసుకోవచ్చని ఉంది. ఆ భాగస్వామి ఆడా మగా అన్నది అక్కడ రాయలేదు. అమెరికాలో పెళ్ళాడిన జంటలు ఈ రెండు చట్టాల్నీ పట్టుకుని ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. వాటిలో ఒక జంట 2017లో వాషింగ్టన్‌లో పెళ్ళి చేసుకుని నమోదుకు వెళితే భారత కాన్సులేట్ కాదంది.

దేశంలోనే పెళ్ళి కావాలన్న జంటల్లో ముందు నిలిచింది మన హైదరాబాదు జంట. సుప్రియో చక్రవర్తి బెంగాలీ, అభయ్ డాంగ్ పంజాబీ. 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో రెండు కుటుంబాల మధ్య రెండు సంప్రదాయాల పెళ్ళి చేసుకున్నారు. ఇంటివాళ్ళు దగ్గరుండి జరిపించారు. చట్టం దృష్టిలో ఆ రోజు ఏమీ జరగలేదు. 2022 నవంబరులో వారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. దేశంలో ఈ అంశం మీద వచ్చిన ప్రధానమైన తీర్పు సుప్రియో పేరుతోనే ఉంది. 2023 ఏప్రిల్, మే నెలల్లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం విన్నది. అక్టోబరు 17న తీర్పు. పెళ్ళి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని, ప్రత్యేక వివాహ చట్టాన్ని తాము తిరగరాయలేమని అయిదుగురూ అన్నారు. పెళ్ళి కాకపోయినా ఆ బంధానికి చట్టపరమైన గుర్తింపు ఉండాలన్నారు న్యాయమూర్తులు చంద్రచూడ్, కౌల్. మిగతా ముగ్గురు ఒప్పుకోలేదు. 2025 జనవరి 9న పునఃపరిశీలన పిటిషన్లనూ కొట్టేశారు.

ఆ తీర్పు మీద నా అభిప్రాయం దాచుకోను. శాసనసభల పని శాసనసభలే చేయాలన్న వాదనలో బలముంది. కానీ ఒక వర్గానికి జరుగుతున్న అన్యాయాన్ని అందరూ ఒప్పుకుని కూడా, ఎవరూ దిద్దకుండా వదిలేసిన తీర్పు అది. కేంద్రం ఒక సంఘం వేసింది. 2024 ఆగస్టులో కొన్ని లేఖలు వెలువడ్డాయి. రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడవచ్చన్నారు. బ్యాంకులో ఉమ్మడి ఖాతాకు, నామినీకి అభ్యంతరం లేదన్నారు. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చన్నారు. దగ్గరి బంధువులు లేనప్పుడట! ముప్ఫై ఏళ్ళు పక్కనే ఉండి మందులు వేసి, నోట్లో నీళ్ళు పోసిన మనిషి, ఎప్పుడో మాట్లాడ్డం మానేసిన అన్నదమ్ముల తరువాత వరసలో నిలబడాలి. ఆ మనిషి మనసుకు తగిలే గాయాన్ని ఆ లేఖలు మాన్పలేవు.

కోర్టులు మాత్రం ముందుకు కదులుతున్నాయి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఇంట్లో నిర్బంధించిన యువతిని విడిపించి, ఇద్దరూ వయసొచ్చినవాళ్ళు కాబట్టి కలిసి ఉండే హక్కు ఉందని చెప్పింది. పుదుచ్చేరికి కూడా హైకోర్టు అయిన మద్రాసు హైకోర్టు ఇంకా ముందుంది. 2019లో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్, ఒక పురుషుడికీ ట్రాన్స్ మహిళకూ తూత్తుకుడి గుడిలో జరిగిన పెళ్ళిని రిజిస్టరు చేయమని ఆదేశించారు. 2021లో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం అర్థం చేసుకోవడానికి తానే మనస్తత్వ నిపుణుల దగ్గర కూర్చుని నేర్చుకుని, పోలీసులు ఇలాంటి జంటల్ని వేధించకూడదని మార్గదర్శకాలు ఇచ్చారు. రెండేళ్ళ తరువాత, ఇద్దరు తమ బంధాన్ని నమోదు చేసుకునే కుటుంబ బంధ పత్రం లాంటి ఏర్పాటు ఆలోచించమని తమిళనాడు ప్రభుత్వానికి సూచించారు. 2025 మే 22న స్వామినాథన్, లక్ష్మీనారాయణన్ ధర్మాసనం, కుటుంబం ఏర్పడడానికి పెళ్ళి ఒక్కటే దారి కాదని చెప్పింది.

సమాజం ఒప్పుకోవద్దా అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులు గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్ళికి చట్టం 1856లోనే ఉంది. పాతికేళ్ళు చట్టం ఉండి సమాజం లేదు. ఊరు వెలివేసింది, పంతులు గారు నిలబడ్డారు. ఇవాళ ఇంటివాళ్ళు దగ్గరుండి జరిపిస్తున్నారు, చట్టమే లేదు. ఇళ్ళు ముందు మారుతున్నప్పుడు చట్టం వెనక ఉండిపోవడానికి సమాజాన్ని సాకుగా చూపకూడదు. ఏ ఊళ్ళోనూ అందరూ ఒప్పుకున్నాక వచ్చిన సంస్కరణ లేదు.

జరిగిపోయిన పెళ్ళిళ్ళను చట్టం తరువాత గుర్తించిన ఉదాహరణ మన పక్కనే ఉంది. పెరియార్ ఉద్యమంలో పురోహితుడు, అగ్నిహోత్రం లేకుండా దండలు మార్చుకుని చేసుకున్న ఆత్మగౌరవ వివాహాలు చెల్లవని మద్రాసు హైకోర్టు 1953లో అంది. ఎన్నో సంసారాలు ఒక్క తీర్పుతో చట్టం దృష్టిలో సంసారాలు కాకుండా పోయాయి. 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టాన్ని సవరించి, అప్పటికే జరిగిన ఆ పెళ్ళిళ్ళకూ చెల్లుబాటు ఇచ్చింది. తరువాత పుదుచ్చేరి శాసనసభ కూడా అదే సవరణ చేసుకుంది. అంటే మన శాసనసభకు ఈ పని కొత్త కాదు. పెళ్ళి, వారసత్వం ఉమ్మడి జాబితాలోని అంశాలు. మన శాసనసభ వాటి మీద చట్టం చేయవచ్చు. కేంద్ర చట్టంతో పొంతన లేకపోతే రాష్ట్రపతి ఆమోదం కావాలి. అడగడానికి ఆటంకం లేదు.

అందుకే నా విన్నపం పుదుచ్చేరి శాసనసభకు, అందులోనూ యానాం ప్రతినిధికి. మొదటి మెట్టుగా మద్రాసు హైకోర్టు చెప్పిన కుటుంబ బంధ పత్రాన్ని ఈ కేంద్రపాలిత ప్రాంతంలో తీసుకురండి. నమోదు చేసుకున్న భాగస్వామికి ఆసుపత్రిలో సంతకం, అంత్యక్రియల్లో మొదటి హక్కు, అద్దె ఇంట్లో కొనసాగే హక్కు, ప్రభుత్వోద్యోగి అయితే పెన్షను ఇవ్వండి. ఫ్రాన్స్‌లోనో, అమెరికాలోనో పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళకు ఆ పెళ్ళి పత్రాన్నే నమోదుకు చాలిన ఆధారంగా తీసుకోండి. విదేశీ వివాహ చట్టం కింద తనకున్న అధికారాన్ని వాడమని కేంద్రాన్ని కోరుతూ ఒక తీర్మానం చేయండి. ఈ సభలో ఉన్న న్యాయవాదులారా, ముసాయిదా రాసే పని మీది. తల్లిదండ్రులారా, మీ కొడుకో కూతురో ఈ మాట మీకు చెప్పడానికి వచ్చిన రోజున, దయచేసి తలుపు వెయ్యకండి.